వినబడిందా, లేదా?

కిందటి వేసవిలో మా నాన్నగారు ఆరు నెలలు మా దగ్గర ఉండి వెళ్దామని వచ్చారు. గుంటూరు జిల్లాలో ఒక మునసబు కోర్టులో ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. వచ్చిన పది రోజులకే మాకు అనుమానం కలిగింది. పిల్లలు ఏదైనా అడిగితే చిరునవ్వు నవ్వి ఊరుకుంటున్నారు. వంటింట్లోంచి పిలిస్తే పలకటం లేదు. పిల్లల ఇంగ్లీషు యాస అర్థం కాక అట్లా చేస్తున్నారని మొదట అనుకున్నాం. తెలుగులో పిలిచినా అంతేనని తరువాత తేలింది. సరే, చెవుల పరీక్షకు తీసుకువెళ్ళాం.

చప్పుడు చొరని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి ఇంగ్లీషులో చెప్పినదాన్ని మేమే తెలుగు చేసి చెప్పాం. అరగంట తరువాత కాగితం మీద గీత వచ్చింది. మేము అనుకున్న దానికంటే చాలా కిందికి దిగి ఉంది. వినికిడి బాగా తగ్గిందన్నమాట. కారులో తిరిగి వస్తూ మేమంతా దిగులుగా కూర్చుంటే, ఆయన మాత్రం తీరిగ్గా ఒక మాట అన్నారు.

"చాలాసార్లు ఏదో మోగినట్టే అనిపించిందిరా. కాని నిజంగా మోగిందో, నా భ్రమో! రూఢిగా తెలియకుండా అవునంటే అది దొంగసాక్ష్యం కాదూ?"

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది. అయితే ఆ కాగితం మీద పడ్డది ఆయన చెవి గీతా, ఆయన నిజాయితీ గీతా? ఈ ప్రశ్న మాకే కొత్తగా తట్టింది కాదనీ, రెండు వందల ఏళ్ళకు పైగా దీని మీద పెద్ద పెద్ద బుర్రలు పనిచేశాయనీ తరువాత చదివి తెలుసుకున్నాం. ఆ చరిత్రను మన సభ్యులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఈ చిక్కు మొదట బయటపడింది మనస్తత్వశాస్త్రంలో కాదు, ఖగోళశాస్త్రంలో. ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలకు నెవిల్ మాస్కెలిన్ అధిపతిగా ఉన్న రోజులవి. అక్కడి టెలిస్కోపులో సన్నని తీగలు అమర్చి ఉండేవి. నక్షత్రం ఆ తీగను దాటటం కంటితో చూస్తూ, గడియారం కొట్టే సెకన్లను చెవితో లెక్కపెడుతూ, అది దాటిన క్షణాన్ని సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టి రాయాలి. సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ తనకంటే అర సెకను ఆలస్యంగా రాస్తున్నాడని 1795 ఆగస్టులో మాస్కెలిన్ గమనించాడు. హెచ్చరించినా లాభం లేకపోయింది. 1796 జనవరి నాటికి తేడా 0.8 సెకను అయింది. కిన్నెబ్రూక్ ఉద్యోగం ఊడింది. 0.8 సెకను ఏపాటి అంటారేమో, అంతలోనే భూమధ్యరేఖ దగ్గర నేల సుమారు 370 మీటర్లు తిరిగిపోతుంది. నక్షత్రాల వేళలను నమ్ముకుని సముద్రంలో దారి వెతుక్కునే కాలంలో అది చిన్న తప్పు కాదు.

ఇరవై ఏళ్ళు గడిచాక ఈ సంగతి ఫ్రీడ్రిక్ బెసెల్ అనే జర్మన్ ఖగోళవేత్త కంటబడింది. ఆయనకు అది ఒకరి అజాగ్రత్తగా తోచలేదు. అంత శ్రద్ధగా పనిచేసేవాడు తెలిసి తెలిసి ఎందుకు తప్పుతాడు? 1820లో కోనిగ్స్‌బర్గ్‌లో తానూ, వాల్బెక్ అనే మరో ఖగోళవేత్తా అవే నక్షత్రాలను చూసి వేళలు రాశారు. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. అయినా ఇద్దరికీ మధ్య ఒక సెకనుకు మించిన తేడా వచ్చింది! అంటే కిన్నెబ్రూక్ చేసింది నేరం కాదు. కన్నూ చెవీ కలిపి ఒక క్షణాన్ని పట్టుకోవటంలో ప్రతి మనిషికీ తనదైన తేడా ఒకటి ఉంటుంది. దానికి ఖగోళవేత్తలు 'వ్యక్తి సమీకరణం' అని పేరు పెట్టి, లెక్కల్లో కలుపుకోవటం మొదలుపెట్టారు. కొలిచే మనిషిని కూడా కొలవాలన్న బుద్ధి అక్కడ పుట్టింది.

ఆ తరువాతి కథ లైప్జిగ్ యూనివర్సిటీలో నడిచింది. అక్కడి శరీరశాస్త్ర ప్రొఫెసర్ ఎర్నెస్ట్ వేబర్ మనుషుల చేత బరువులు ఎత్తించి, ఏది ఎక్కువో చెప్పమని అడిగేవాడు. 1834లో అచ్చయిన ఆయన గ్రంథంలోని సారం మన ఇంటి ఇల్లాళ్ళకు ఎప్పుడూ తెలిసిందే. చారెడు పప్పులో మరో గుప్పెడు కలిస్తే చేతికి తెలుస్తుంది, బస్తాలో కలిస్తే తెలియదు. వేబర్ దానికి లెక్క కట్టాడు. ఎత్తి చూసే బరువుల్లో తేడా తెలియాలంటే సుమారు 40లో ఒక వంతు పెరగాలి. 400 గ్రాములయితే 10 గ్రాములు చాలు, 4 కిలోలయితే 100 గ్రాములు కావాలి. మన ఇంద్రియాలు పట్టేది ఎంత పెరిగిందని కాదు, ఎన్నో వంతు పెరిగిందని.

అదే ఊళ్ళో గుస్తావ్ ఫెక్నర్ అని ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ణి చూస్తూ ప్రయోగాలు చేసి కళ్ళు పాడుచేసుకున్నాడు. 1840 ప్రాంతంలో జబ్బుపడి, ఉద్యోగం వదులుకుని, దాదాపు మూడేళ్ళు చీకటిగదిలో గడిపాడు. వెలుగు చూడలేని ఆ మనిషే తరువాత వెలుగును మనసు ఎట్లా కొలుస్తుందో ఆలోచించాడు. 1850 అక్టోబరు 22 ఉదయం, పక్క మీదినుంచి ఇంకా లేవకముందే, ఆయనకు దారి తట్టిందట. ఈ శాస్త్రం వాళ్ళు ఇప్పటికీ ఆ తేదీని ఫెక్నర్ దినంగా జరుపుకుంటారు. 1860లో వచ్చిన ఆయన గ్రంథంతో 'సైకోఫిజిక్స్' అనే శాస్త్రం మొదలయింది. బయటి ప్రేరణ రెట్లలో పెరుగుతూ పోతే, లోపలి అనుభూతి సమానమైన మెట్లలో పెరుగుతుందని ఆయన సూత్రం.

ఇక్కడ మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. తన సూత్రానికి ఫెక్నర్ చూపిన సాక్ష్యాల్లో నక్షత్రాల తరగతులు ఒకటి. కంటికి సమానమైన మెట్లుగా కనిపించే ఆ తరగతుల వెనక వెలుగు రెట్లలో తగ్గుతుంది. ఒక్కొక్క మెట్టుకు 2.512 రెట్లు అని, అంటే అయిదు మెట్లకు సరిగ్గా 100 రెట్లు అని 1856లో ప్రతిపాదించినవాడు నార్మన్ పాగ్సన్. ఆ పాగ్సనే 1861లో మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. 1867లో ఒక చరతారను కనిపెట్టిన చింతామణి రఘునాథాచారి ఆయన సహాయకుడే. ఖగోళవేత్తలు నేటికీ పాగ్సన్ లెక్కనే వాడుతున్నారు. 1920లలో టెలిఫోన్ ఇంజనీర్లు తెచ్చిన డెసిబెల్ కూడా ఈ బాపతు లెక్కే. శబ్దశక్తి 10 రెట్లయితే 10 డెసిబెల్లు, 100 రెట్లయితే 20.

ఫెక్నర్ సూత్రం అన్నిచోట్లా నిలవలేదు. 1957లో హార్వర్డ్‌లో ఎస్. ఎస్. స్టీవెన్స్ వేరే సూత్రం చెప్పాడు. ఆయన లెక్కలో విద్యుత్తు షాకు రెండింతలయితే అనుభూతి సుమారు 11 రెట్లవుతుంది. వెలుగు రెండింతలయితే అనుభూతి పావువంతు పైచిలుకు మాత్రమే పెరుగుతుంది. అది అట్లా ఉంచి, ఫెక్నర్ చెప్పిన మరో మాట దగ్గరికి వద్దాం. మా నాన్నగారి చిక్కు అంతా అందులోనే ఉంది. ఆ మాట 'గడప'.

ప్రేరణ ఒక స్థాయికి తక్కువగా ఉన్నంతసేపూ అది మనసు గడపకు అవతలే ఉంటుంది. దాటితే లోపలికి వస్తుంది. కాబట్టి శబ్దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పెంచుతూ 'వినబడిందా?' అని అడిగితే, గడప ఎక్కడుందో తెలిసిపోతుంది. చెవుల పరీక్ష నేటికీ ఈ పద్ధతిలోనే సాగుతుంది. వినబడిందంటే 10 డెసిబెల్లు తగ్గిస్తారు, వినబడలేదంటే 5 పెంచుతారు. పెంచుతూ వచ్చినప్పుడు కనీసం సగం సార్లు మీట నొక్కిన అతి తక్కువ స్థాయిని మీ గడప అని రాసుకుంటారు.

కాని మన ఇళ్ళలో గడప ఉన్నట్టు మనసులో గడప నిజంగా ఉందా? అనుమానపడ్డ మొదటివాళ్ళలో అమెరికా తత్త్వవేత్త చార్లెస్ పర్స్, ఆయన శిష్యుడు జోసెఫ్ జాస్ట్రో ముఖ్యులు. 1883-84లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో వాళ్ళు అతి స్వల్పమైన తేడాగల బరువులతో ప్రయోగాలు చేశారు. ఏ బరువు ముందు రావాలో పేకముక్కలు కలిపి తీసి నిర్ణయించేవాళ్ళు. పరీక్షకు కూర్చున్నవాడికి ముందుగా ఏమీ తెలియకూడదని. 'నాకు తేడా ఏమీ తెలియటం లేదు, ఊరికే చెబుతున్నాను' అన్నప్పుడు కూడా ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. ఆ ఊరికే చెప్పిన జవాబులు సగానికి మించి సరిపోయాయి! అంటే గడపకు అవతల ఉందనుకున్నది కూడా ఎంతో కొంత లోపలికి వస్తూనే ఉంది. మనిషి దాన్ని లెక్కలోకి తీసుకోడు, అంతే.

1942లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు కంటి సంగతి తేల్చారు. చీకటికి బాగా అలవాటుపడిన కంటిలో 5 నుంచి 14 కాంతికణాలు ఇంకితే చాలు, మెరుపు కనిపిస్తుంది. ఇంతకంటే సున్నితమైన యంత్రం ఇంకేం కావాలి! కాని అవే ప్రయోగాల్లో ఒకే మెరుపు ఒకసారి కనిపించి, మరోసారి కనిపించలేదు. కారణం చాలావరకు వెలుగులోనే ఉంది. అంత సన్నని మెరుపులో కణాల సంఖ్య ప్రతిసారీ మారుతూ ఉంటుంది. దానికి తోడు మన నరాల్లో ఎప్పుడూ ఏదో అలికిడి ఉండనే ఉంటుంది. అంటే వినేవాడి ముందు ఉన్న ప్రశ్న 'వినబడిందా?' అని కాదు. 'ఈ అలికిడి ఊరికే వచ్చిందా, ఇందులో ఇంకేమైనా ఉందా?' అని.

ఈ ప్రశ్నకు ప్రాణావసరం తెచ్చింది రెండో ప్రపంచయుద్ధం. రాడార్ తెర మీద ఎన్నో చుక్కలు మినుకుమంటూంటాయి. అందులో శత్రువుది ఏది? నార్మన్ మాక్‌వర్త్ అనే ఆయన బ్రిటిష్ వైమానిక దళం కోసం ఒక ఉత్తుత్తి గడియారం తయారుచేశాడు. ముల్లు ఒక్కొక్క అడుగే కదులుతూ, ఎప్పుడో ఒకసారి రెండడుగులు గెంతుతుంది. ఆ గెంతును పట్టుకోవాలి. కూర్చున్న అరగంటలోపే పట్టు సడలిపోతుందని ఆయన చూపించాడు. 1948లో అది అచ్చయింది. రాత్రి డ్యూటీలు చేసిన మన డాక్టర్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

యుద్ధం ముగిశాక రాడార్ ఇంజనీర్ల గణితాన్ని మనుషులకు అన్వయించిన ఘనత చాలావరకు మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళది. 1954లో విల్సన్ టానర్, జాన్ స్వెట్స్ దీని మీద ఒక వ్యాసం ప్రకటించారు. 1966లో డేవిడ్ గ్రీన్, స్వెట్స్ కలిసి రాసిన పుస్తకంతో సంకేతాన్ని గుర్తుపట్టే సిద్ధాంతం స్థిరపడింది. అందులోని సారాంశం ఇది. ఎవరైనా 'ఉంది', 'లేదు' అని చెప్పేటప్పుడు నాలుగు రకాలుగా జరగవచ్చు. ఉన్నదాన్ని ఉందనటం, ఉన్నదాన్ని జారవిడవటం, లేనిదాన్ని ఉందనటం, లేనిదాన్ని లేదనటం. మూడోదానికి మనకు పేరు వెతకనక్కర్లేదు, 'నాన్నా పులి' కథ ఉండనే ఉంది. రెండోది ఆ కథ చివర నిజంగా పులి వచ్చినప్పుడు జరిగింది.

ఒక లెక్క వేసి చూద్దాం. శబ్దం ఉన్నవి 100 సార్లు, లేనివి 100 సార్లు కలిపి ఇద్దరికి పరీక్ష పెట్టామనుకోండి. మొదటాయన ఉన్నవాటిలో 50 పట్టుకున్నారు. లేనివాటిలో 2 మాత్రమే ఉన్నాయన్నారు. రెండో ఆవిడ ఉన్నవాటిలో 84 పట్టుకున్నారు. కాని లేనివాటిలో కూడా 14 ఉన్నాయన్నారు. పాతకాలపు పరీక్షయితే ఆవిడ చెవి చురుకైనదని తేల్చేస్తుంది. కొత్త సిద్ధాంతం ప్రకారం లెక్కకట్టితే ఇద్దరి చెవుల చురుకుదనమూ ఇంచుమించు ఒక్కటే. తేడా ఎక్కడుందంటే, అవునని ఒప్పుకునే హద్దును ఆయన ఎత్తుగా పెట్టుకున్నారు, ఆవిడ దిగువగా పెట్టుకున్నారు. చెవి వేరు, హద్దు వేరు. దాదాపు నూరేళ్ళుగా కలిసిపోయి కొలుస్తున్న రెంటినీ మిషిగన్ వాళ్ళు విడదీశారు.

హద్దు ఎవరికి ఎక్కడ ఉంటుందన్నది ఏ తప్పు ఖరీదైనదో దాన్నిబట్టి ఉంటుంది. ప్రయోగాల్లో సరైన జవాబుకు కొద్దిపాటి డబ్బు, లేనిది ఉందంటే జరిమానా పెట్టి, ఆ మొత్తాలు మారిస్తే జవాబులు కూడా మారాయి. మన ఇళ్ళలో కూడా చూస్తూనే ఉంటాం. నెలల బిడ్డ తల్లికి నీళ్ళ చప్పుడులో కూడా ఏడుపు వినిపిస్తుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు జబ్బుగా ఉన్న రోజుల్లో అర్ధరాత్రి మోగని ఫోను మోగినట్టు ఉలిక్కిపడి లేచినవాళ్ళం మనలో ఎంతమందిమి లేం! అది చెవి దోషం కాదు. ఒక్క పిలుపు కూడా జారిపోకూడదని హద్దును నేలకు దించి పెట్టుకున్నాం. కోర్టులో అందుకు తలకిందులు. నిర్దోషికి శిక్ష పడకూడదు గనుక అక్కడ హద్దు ఎత్తుగా ఉండాలి. మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు ఆ గాలి పీల్చారు.

గడప లేదనటానికి ఇదే బృందం మరో మంచి రుజువు చూపింది. నాలుగు క్షణాల్లో ఏదో ఒకదానిలో మాత్రమే సన్నని మెరుపు ఉంటుంది. ఎప్పుడో చెప్పాలి. మొదటి జవాబు తప్పయితే రెండో జవాబు అడుగుతారు. నిజంగా ఏమీ కనిపించకపోతే మిగిలిన మూడింటిలో రెండో జవాబు కేవలం అదృష్టం కావాలి, మూడిట ఒకటి సరిపోవాలి. అంతకంటే ఎక్కువే సరిపోయింది. 'కనిపించలేదు' అన్న చోట కూడా ఏదో కనిపించి ఉందన్నమాట. పర్స్ 1884లో చెప్పిన మాటే ఇది.

ఈ సిద్ధాంతం ప్రయోగశాల దాటి ముందుగా ప్రవేశించింది ఎక్స్‌రే గదిలోకి. అనుభవంగల రేడియాలజిస్టులు కూడా జబ్బున్న ఛాతీ ఫిల్ములలో సుమారు మూడో వంతు జారవిడుస్తున్నారని 1940ల చివర వచ్చిన పరిశీలనలు వైద్యలోకాన్ని కలవరపెట్టాయి. తక్కువ జారవిడిచే డాక్టరు లేనివాటిని ఎక్కువ ఉన్నాయంటున్నాడనీ, ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతోందనీ 1960లో లీ లస్టెడ్ అనే రేడియాలజిస్టు గీత గీసి చూపించాడు. ఇవాళ ఏ కొత్త పరీక్ష వచ్చినా దాని మంచిచెడ్డలను అట్లాంటి గీతతోనే తూస్తున్నారు. మన సంఘంలోని డాక్టర్లు రోజూ చూసే ఆర్.ఓ.సి. వక్రరేఖకు ఆ పేరు రాడార్ రిసీవర్ నుంచి వచ్చిందే.

ఇంకొకటి కూడా తెలిసింది. వెతికే వస్తువు అరుదైతే హద్దు తనంతట తానే పైకి పోతుంది. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందం ప్రయోగంలో, వెతికేది సగం బొమ్మల్లో ఉన్నప్పుడు 7 శాతం జారిపోయింది. నూటికి ఒక బొమ్మలో మాత్రమే ఉన్నప్పుడు 30 శాతం జారిపోయింది. కళ్ళు అవే, మనుషులు అట్లాంటివాళ్ళే. విమానాశ్రయంలో పెట్టెలు చూసేవాళ్ళనూ, మామోగ్రాములు చదివేవాళ్ళనూ ఇది ఆలోచింపజేసింది. 'లేదు, లేదు' అని రోజంతా చెప్పిన నోటికి 'ఉంది' అనే మాట తొందరగా రాదు గదా!

ఇక మా ఇంటి సంగతి. ముసలివాళ్ళు వినికిడి పరీక్షల్లో చెవి తగ్గటం వల్లనే గాక, అతి జాగ్రత్త వల్ల కూడా వెనకబడవచ్చునని 1971లోనే రీస్, బాట్వినిక్ అనే పరిశోధకులు ఈ సిద్ధాంతంతో పరీక్షించి రాశారు. అది చదివిన తరువాత, ఆ రోజు గదిలో మేము ఏం చెప్పామో గుర్తు తెచ్చుకున్నాం. ఆ అమ్మాయి చెప్పింది: ఎంత సన్నగా వినిపించినా, అనుమానంగా ఉన్నా సరే నొక్కమని. మేము తెలుగులో చెప్పింది: "నాన్నగారూ, బాగా వినబడినప్పుడు నొక్కండి." ఆ 'బాగా' మాది. తప్పు ఆయన చెవిదీ కాదు, ఆ అమ్మాయిదీ కాదు.

మళ్ళీ తీసుకువెళ్ళాం. జరిగింది చెబితే ఆ అమ్మాయి నవ్వి, ఓపిగ్గా మొదటినుంచీ పరీక్ష చేసింది. ఈసారి మాటకు మాట తెలుగు చేశాం. తప్పు నొక్కినా ఎవరూ ఏమీ అనుకోరని కూడా చెప్పాం. నాన్నగారు ఒక క్షణం ఆలోచించి, "అయితే ఇది సాక్ష్యం కాదు, ఫిర్యాదన్నమాట" అని మీట అందుకున్నారు. శబ్దం లేని చోట కూడా మూడుసార్లు నొక్కారు. ఆ అమ్మాయి మధ్యమధ్య నిశ్శబ్దం ఉంచేది అందుకే. ఆ మూడూ రాసుకుంది. కింది స్వరాల్లో గీత బాగా పైకి జరిగింది. పై స్వరాల్లో మాత్రం దిగువనే ఉంది. అది నిజమైన లోపమే. 'స', 'త', 'క' లాంటి హల్లులు అందకపోవటానికి, పిల్లల మాటలకు చిరునవ్వే జవాబు కావటానికి కారణం అదే. దానికి తగిన యంత్రం పెట్టించాం. మొదటి గీతను నమ్ముకుని ఉంటే, అక్కర్లేని చోట కూడా హోరు పెంచి ఆయన తలపోటుకు కారణమయ్యేవాళ్ళం.

కాబట్టి సభ్యులకు ఒక మనవి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను చెవుల పరీక్షకో, కంటి పరీక్షకో తీసుకువెళ్ళి మీరే దుబాసీలైనప్పుడు, చెప్పినదాన్ని పొల్లుపోకుండా చెప్పండి. మేము ఇప్పుడు చెప్పే మాట ఇది: "ఎంత సన్నగా వినిపించినా నొక్కండి. మోగిందో లేదో అని అనుమానంగా ఉన్నా నొక్కండి. తప్పయినా ఫరవాలేదు." ఇందులో చివరి వాక్యం మన పెద్దవాళ్ళకు మరీ అవసరం. ఆ వాక్యం వాళ్ళకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.